మునిగిన కారు అమ్మేవాళ్ళతో

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, పని మానుకుని వచ్చిన ఆటోనగర్ మెకానిక్‌లకు, పాత కార్ల వ్యాపారులకు, బ్రోకర్లకు, అందరికీ నమస్కారం. రోడ్డు భద్రతా మాసోత్సవాలు కదా, సీటు బెల్టు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బెల్టు దగ్గరే మొదలుపెడతాను. ఎటు పోతానో మీరే చూడండి.

బెల్టు పెట్టుకోవాలని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది వేరు. పాత కారు కొనడానికి వెళ్ళినప్పుడు ఆ బెల్టును చివరిదాకా లాగండి. భుజం మీదికి వచ్చేంత కాదు, ఇక రానని మొరాయించేదాకా లాగండి. సీట్లు ఉతికిస్తారు, కార్పెట్లు మారుస్తారు, డాష్‌బోర్డుకు పాలిష్ కొడతారు. తలుపు పక్క స్తంభం అడుగున చుట్టుకుని ఉండే ఆ చివరి రెండడుగుల పట్టీని కడగడం చాలామందికి తోచదు. మట్టి మరక అక్కడ మిగులుతుంది. పట్టీ కొత్తగా మెరుస్తుంటే దాని మీద కుట్టిన చీటీ చూడండి. కారు 2017ది, బెల్టు 2024ది అయితే ఎందుకు మార్చారో అడగండి.

ఈ మాట ఈ ఊళ్ళో ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మన విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఇళ్ళ ముందు కార్లూ ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఖమ్మంలో మున్నేరు పొంగింది. అంతకు ముందు 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగింది. వరద వచ్చిన ప్రతిచోటా మునిగిన కార్లలో కొన్ని తుక్కుకు పోతాయి. కొన్ని మాత్రం కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టించుకుని ఇంకో జిల్లాలో ‘సింగిల్ ఓనర్, కండిషన్ బండి’ అయిపోతాయి. మునిగిందని మన ఆర్సీ మీద ఎక్కడా రాసి ఉండదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బండి కాగితం మీదే ‘ఫ్లడ్’ అనో ‘సాల్వేజ్’ అనో ముద్ర పడుతుంది. టెక్సస్‌లో ఉన్న మీ పిల్లల్ని అడగండి, చెబుతారు. మన దగ్గర ఆ ముద్ర లేదు కాబట్టి ఆ పని అమ్మేవాడి నోరే చెయ్యాలి.

మునిగిన కారు అమ్మడం తప్పని నేను అనడం లేదు. చెప్పి అమ్మండి అంటున్నాను.

నీళ్ళు ఏం చేస్తాయో చూద్దాం. నీళ్ళలో నిలబడిన కారును తాళం తిప్పి స్టార్ట్ చేస్తే గాలి వెళ్ళే దారిలో నీళ్ళు సిలిండర్‌లోకి పోతాయి. గాలి నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. పిస్టన్ పైకి రాలేక, దాన్ని నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పూర్తిగా వంగితే ఇంజిన్ తిరగనే తిరగదు, దాన్ని ఎవరూ దాచలేరు. కొద్దిగా వంగితేనే ప్రమాదం. నీళ్ళు తీసి, ఆయిలు మారిస్తే ఇంజిన్ మామూలుగానే నడుస్తుంది. ఆ ఒక్క సిలిండర్‌లో కంప్రెషన్, అంటే గాలి నొక్కుకున్నప్పటి ఒత్తిడి, కాస్త తక్కువ చూపిస్తుంది, అంతే. కొన్నాళ్ళకు హైవే మీద ఆ రాడ్ విరిగి ఇంజిన్ బ్లాక్‌ను పొడుచుకుని బయటికి వస్తుంది. కంప్రెషన్ గేజ్ పెట్టి సిలిండర్లన్నీ కొలిపించమని కొనేవాళ్ళకు చెప్పేది ఇందుకే. చక్రాల బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోయి మట్టి చేరుతుంది, కొన్నాళ్ళకు హోరు మొదలవుతుంది. బ్రేకు కాలిపర్ పిన్నులు పట్టేస్తాయి. వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము పడుతుంది. తుడిస్తే పైన పోతుంది కానీ రబ్బరు తొడుగు లోపల రాగి పోగుల వెంట పాకుతూనే ఉంటుంది.

ఇవన్నీ డబ్బు నష్టాలు. నేను చెప్పాలనుకున్నది ఎయిర్‌బ్యాగ్ లైటు గురించి. ఇక్కడ మీరు నాకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఎయిర్‌బ్యాగును పేల్చాలా వద్దా అని నిర్ణయించే పెట్టె చాలా కార్లలో ముందు సీట్ల మధ్య, గేరు రాడ్ దగ్గర, నేలను ఆనుకుని ఉంటుంది. గుద్దినప్పుడు బెల్టును బిగించే ప్రిటెన్షనర్ స్తంభం అడుగునో సీటు పక్కనో ఉంటుంది. సీట్ల కింద పసుపు కనెక్టర్లుంటాయి, అవీ ఎయిర్‌బ్యాగువే. అంటే నీళ్ళు సీటు ఎత్తుకు వస్తే చాలు, ప్రాణం కాపాడే సామాను ముందుగా మునుగుతుంది. పాటలు పాడే స్టీరియో పైన ఉంటుంది, అది బాగానే ఉంటుంది! మునిగిన పెట్టెను ఆరబెట్టి వాడకూడదు, మార్చాలి. ఖరీదైన సామాను. అందుకని ఏం చేస్తారు? తాళం తిప్పగానే ఎర్రగా వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాల్సిన లైటు ఆరకుండా వెలుగుతుంటే, కొందరు ఆ బల్బు పీకేస్తారు. ఇంకా తెలివైనవాళ్ళు దాన్ని వేరే లైటుతో కలిపేస్తారు, అది వెలిగినప్పుడు ఇదీ వెలిగి, అది ఆరినప్పుడు ఇదీ ఆరుతుంది. ఇంకొందరు బ్యాగు ఉండాల్సిన చోట చిన్న రెసిస్టర్ పెట్టి, బ్యాగు ఉందని పెట్టెనే నమ్మిస్తారు.

అన్నా, అక్కడ వెనక నిలబడ్డ మెకానిక్ సోదరులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి పట్టేది సుమారు 30 మిల్లీ సెకన్లు. ఆ లైటును ఆర్పడానికి మీకు పట్టేది అరగంట. ఓనరు చెప్పాడు, చేశాం అనకండి. ఆ వైరు కలిపింది మీ చెయ్యి. నేను చెయ్యనని ఒక్కరు అంటే పక్క షెడ్డువాడు చేస్తాడు, నిజమే. అందరూ అంటే? అందుకే మీ అందరినీ ఒకేచోట చూసినప్పుడు అడుగుతున్నాను. ఇంకో మాట. కొనే పార్టీ బండి చూపించడానికి మీ దగ్గరకే వస్తాడు. అమ్మేవాడి దగ్గర కమిషన్ పుచ్చుకుని కొనేవాడికి ‘బండి బాగుంది’ అని చెప్పకండి. ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకున్నవాడి మాటకు అర్థం లేదు.

కొనేవాళ్ళూ వినండి. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా, లైట్లన్నీ ఒక్కొక్కటిగా చూడండి. ఎయిర్‌బ్యాగ్ లైటు తనంతట తను వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బండి బాగున్నట్టు కాదు, ఎవరో పీకినట్టు. స్కానర్ పెట్టించండి. లోపాలు చెప్పే కోడ్‌లు ఏవీ లేవని సంతోషించకండి. వాటిని చెరిపేస్తే, బండి తనను తాను పరీక్షించుకునే మానిటర్లు ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తాయి. అంటే కాస్త ముందే ఎవరో తుడిచారు, లేదా బ్యాటరీ తీశారు. పాత పాలసీలు మూడేళ్ళవి అడగండి. క్లెయిమ్ తీసుకోని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, 45 శాతం ఉన్నది 2024 తర్వాత సున్నాకు పడితే క్లెయిమ్ తీసుకుని ఉండొచ్చు. దేనికో చెప్పమనండి.

ఇప్పుడు చట్టం. ‘వాడు అడగలేదు, నేను చెప్పలేదు’ అనే మాట ఈ వ్యాపారంలో రోజూ వింటాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్ చూడండి. అప్పుడు కార్లు లేవు కాబట్టి ఉదాహరణ గుర్రం. జబ్బుందని తెలిసిన గుర్రాన్ని ఒకడు వేలంలో అమ్మాడు, జబ్బు సంగతి ఎత్తలేదు. అది మోసం కాదంది చట్టం. చూశారా, మాకు చట్టం అండ ఉంది అనుకుంటారు. ఆ కిందనే ఇంకో రెండు ఉదాహరణలున్నాయి, అవి కూడా చదవండి. కొనేది అప్పుడే మేజరైన సొంత కూతురైతే చెప్పి తీరాలి. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అంటే, అప్పుడు ఊరుకోవడం కూడా మాట్లాడినట్టే. ‘బండిలో ఏ ప్రాబ్లమూ లేదు కదన్నా?’ అని అడగకుండా మన దగ్గర కారు కొన్నవాడు ఎవరైనా ఉన్నారా? దానికి నవ్వి టీ చెప్పి ఊరుకుంటే అది మౌనం కాదు. ఇక లైటు పీకడం సంగతి అసలు మౌనం కిందికే రాదు. తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాచడమే మోసమని అదే సెక్షన్ చెబుతోంది. అప్పుడు ‘చూసుకోవాల్సింది నువ్వే’ అన్న వాదన పనికిరాదు.

కూతురికి చెప్పాలని చట్టమే రాసింది. కొనేవాడి కూతురు ఆ కారులోనే ముందు సీట్లో కూర్చుంటుంది. నేను ఇంతకంటే చెప్పలేను.

చెబితే రేటు పోతుందంటారు. పోతుంది. మునగని బండికి 5 లక్షలు, పాడైన సామాను మార్చడానికి లక్షన్నర అనుకోండి. చెప్పకుండా 5 లక్షలకు అమ్మితే ఆ లక్షన్నర మీరు సంపాదించింది కాదు, వాడి జేబులోది. ‘నేనూ తెలియకే కొన్నాను, నాకెవరు చెప్పారు’ అనేవాళ్ళ మీద నాకు నిజంగా జాలి ఉంది. మీకు అన్యాయం జరిగింది. నోటీసు ఇవ్వాల్సింది మీకు అమ్మినవాడికి. మీ తర్వాత కొనేవాడు మీకేం చేశాడు?

చెప్పడమంటే నోటితో గొణగడం కాదు. ఒక కాగితం రాయండి. ఏ తేదీన మునిగింది, నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, ఫుట్‌మ్యాట్ దాకానా, సీటు దాకానా, డాష్‌బోర్డు దాకానా. ఎన్ని గంటలు, ఎన్ని రోజులు. నీళ్ళలో స్టార్ట్ చేశారా. మార్చిన సామాను బిల్లులతో సహా, మార్చనివి కూడా పేర్లతో సహా. ఆ రోజు తీసిన స్కానర్ రిపోర్టు ప్రింటు. రెండు కాపీలు, ఇద్దరి సంతకాలు. బయానా తీసుకోకముందే ఇవ్వండి, తీసుకున్నాక ఇస్తే వాడు ఇరుక్కున్నట్టే. వాడికి నచ్చిన మెకానిక్ దగ్గరకు బండి పోనివ్వండి. ఈ కాగితం అమ్మేవాడికీ రక్షణే. రేపు గొడవొస్తే ‘చెప్పలేదు’ అనడానికి ఉండదు.

టైమైందని చీటీ పంపారు. ఒక్క విషయం, ఇది వ్యాపారులకు కాదు, చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళకు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్సు కంపెనీ టోటల్ లాస్, అంటే బండి మొత్తం పోయినట్టు, లెక్కగడుతుంది. మీకు డబ్బు వస్తుంది, బండి ఎవరో పట్టుకుపోతారు. వెళ్తూ వెళ్తూ బండిని ఇంకొకరి పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30 ఖాళీగా ఉండగానే వాటి మీద మీ చేత సంతకాలు పెట్టించుకుంటారు. పీడ వదిలిందని మీరు పెట్టేస్తారు. మునిగిన బండి మంచి బండిగా మారడానికి మొదటి మెట్టు ఆ ఖాళీ సంతకమే. దాన్ని వేసింది షెడ్డువాడు కాదు, మీరు. కొనేవాడి పేరు, తేదీ మీ కళ్ళ ముందు రాయించాకే సంతకం పెట్టండి, ఫొటో తీసుకోండి. బదిలీ సంగతి 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాల్సిన బాధ్యత అమ్మినవాడిది. బండి తిరిగి వాడకానికి పనికిరానిదైతే ఆ సంగతి కూడా 14 రోజుల్లో తెలిపి ఆర్సీ రద్దు చేయించాలి. ఆర్టీఓ రికార్డులో మీ పేరే ఉండిపోయి బండి ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత మీదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2024 వరదల తర్వాత అలా బండి ఇచ్చేసినవాళ్ళు ఈ సభలో ఉంటే, ఇప్పుడే ఫోన్ తీసి ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఆ బండి నంబరు కొట్టండి. ఇంకా మీ పేరే వస్తుంటే సోమవారం ఉదయం పాలసీ కాగితాలు, సెటిల్‌మెంట్ లెటరు తీసుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళండి.