రాసుకుని వెళ్ళినవాళ్ళు మళ్ళీ రావాలి

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి వెళ్ళిన రెండో వారం. విశాఖపట్నం జాలారిపేటలో రామమందిరం అరుగు మీద ఉదయం పది గంటలకు మేం నలుగురం కూర్చున్నాం. రెండు బీపీ మెషిన్లు, ఒక బరువు తూచే మెషిను, కట్ట విప్పని కరపత్రాలు, వెనక గోడకు ఒక బ్యానరు. నేను విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం మీద పరిశోధన చేస్తాను. మత్స్యకార కుటుంబాల్లో బీపీ ఎంతమందికి ఉందో చూడడం, దాని గురించి నాలుగు మాటలు చెప్పడం ఆ రోజు మా పని. పన్నెండున్నర దాకా కూర్చుంటే వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. అందరూ ముసలివాళ్ళే. సామాను సర్దుకుంటూ నోటుబుక్కులో ఒక ముక్క రాసుకున్నాను: "ఆరోగ్యం మీద శ్రద్ధ తక్కువ."

అరుగు చివర కూర్చున్న ఒక మామ్మ మమ్మల్ని చాలాసేపటి నుంచి చూస్తోంది. అప్పుడు నోరు విప్పింది. "ఏటమ్మా, ఈ ఏలకి పేటలో ఎవులుంటారు? ఆడోల్లు గంపలెత్తుకుని ఎల్లిపోనారు. మగోల్లు ఏటకెల్లారు. మీలాటోల్లు ఇంతకు ముందూ ఒచ్చారు. పేరడిగారు, వయసడిగారు, రగతం తీసారు. రాసుకుని ఎల్లిపోనారు. మల్లీ రానేదు."

ఇంటికి వచ్చాక ఆ నోటుబుక్కు తీసి నేను రాసుకున్న ముక్క కొట్టేశాను. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది మామ్మ చెప్పిన ఆఖరి మాట గురించే.

ముందు ఆ పేటలో రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. ఆడవాళ్ళు తెల్లవారుజామున రెండున్నరకి, మూడింటికి లేస్తారు. నలుగురైదుగురు కలిసి ఆటో కట్టించుకుని ఫిషింగ్ హార్బరుకు వెళ్తారు. అక్కడ వేలంపాటలో సరుకు పాడుకుని, ఐసు వేయించుకుని, గంపలు నెత్తిన పెట్టుకుని కాలనీల్లో తిరుగుతారు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటో, రెండో అవుతుంది. అమ్ముడుపోని చేపను అప్పుడు కోసి, ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. వీళ్ళకు పదింటికి మీటింగు పెట్టి, రాలేదని మనం నిట్టూర్చడమా? మగవాళ్ళ సంగతి వేరు. బోటు కదిలితే వారం, పది రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే సముద్రం మీద ఉంటారు. వాళ్ళందరూ ఒడ్డున దొరికే కాలం ఏడాదికి ఒక్కటే. అది వేట నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు కట్టేస్తారు. అప్పుడు ఇసుకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటారు, బోట్లకు రంగులేసుకుంటారు. ఆ ఏప్రిల్లో సాయంత్రం నాలుగున్నరకు అదే అరుగు మీద కూర్చున్నాం. చీకటిపడ్డాక కూడా వరస తగ్గలేదు.

కరపత్రం గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. అందులో "ఉప్పు తగ్గించండి" అని పెద్ద అక్షరాలతో వేయించాం. మాట తప్పు కాదు. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేం వెళ్ళేసరికి ఒకావిడ గట్టు మీద కవళ్ళనే చేపలకు ఉప్పు పట్టిస్తోంది. పొట్ట చీల్చి, కడిగి, గుప్పెడు కల్లుప్పు లోపల కూరి, పైన ఇంకో గుప్పెడు రుద్ది తొట్టిలో పేరుస్తోంది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా పొరలు లేచిపోయి ఉంది. నేను కరపత్రం చాపాను. ఆవిడ చెయ్యి తడిగా ఉందని తీసుకోలేదు కానీ, చదివించుకుని విన్నది. "ఉప్పు తగ్గిస్తే చేప పురుగు పట్టిపోద్ది కదమ్మా. నా యాపారం ఏటవ్వాల?" అంది.

ఆవిడకు ఉప్పంటే చేపను నిలబెట్టే సరుకు, అంటే కూడు. మేం చెప్పేది కంచంలో ఉప్పు గురించి. ఈ రెండూ వేరని కరపత్రం రాసినప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ తర్వాత పేటలోని ఆడవాళ్ళతోనే కూర్చుని మాట మార్చాం. ఎండబెట్టే ఉప్పు జోలికి వెళ్ళలేదు. వండేముందు ఉప్పు చేపను నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళు పోసి, రెండు మూడుసార్లు అలా చేస్తే చాలా ఉప్పు బయటికి పోతుంది. తర్వాత పులుసులో వేరే ఉప్పు వెయ్యకుండా రుచి చూసుకోవడం. ఇందులో సగం వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే. "మా అత్త మూడుసార్లు కడిగేది, నాకే బద్ధకం" అని ఒకమ్మాయి నవ్వింది.

బీపీ మాత్రల దగ్గర ఇంకో పాఠం. మాత్రలు మధ్యలో మానేసినవాళ్ళు చాలామంది కనిపించారు. బీపీకి చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. తల తిరగదు, నొప్పి ఉండదు. ఒంట్లో బాగుంది కదా అని మానేస్తే, ఒకరోజు పక్షవాతమో గుండెపోటో వచ్చి పడుతుంది. ఇది చెప్పాల్సిన మాటే, చెప్పాం. కానీ బోటు నడిపే ఒక సరంగు తన మాత్రల అట్ట చూపించి లెక్క చెప్పాడు. ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చే రోజుకు ఆయన సముద్రం మీద ఉంటాడు. తిరిగొచ్చిన రోజు సరుకు దింపడం, లెక్కలు, నిద్ర. ఇంకో రెండు రోజుల్లో మళ్ళీ బోటు. ఆయన మానేయలేదు, అందుకోలేకపోయాడు. ఇప్పుడు ఆయన భార్య ఆశా కార్యకర్తతో మాట్లాడుకుని ముందే మాత్రలు తెచ్చిపెడుతోంది. బోటుకు బియ్యం, పప్పు, ఉల్లిపాయలు సర్దే సంచిలోనే ఆ పొట్లం కూడా కడుతోంది. అన్నం సంచి మరిచిపోయి ఎవరూ వేటకు వెళ్ళరు కదా.

మా పొరపాటు ఇంకొకటి. బీపీ మెషిన్లో చేతికి చుట్టే పట్టీ ఉంటుంది చూశారూ, అది చేతి లావుకు సరిపోకపోతే లెక్క తప్పుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే బీపీ ఎక్కువ చూపిస్తుంది. వల లాగీ లాగీ గట్టిపడిన చేతులు వీళ్ళవి. మేం తెచ్చింది మామూలు పట్టీ. కొందరికి లేని బీపీని మేమే అంటగట్టబోయాం. పెద్ద పట్టీ తెచ్చి వాళ్ళందరికీ మళ్ళీ చూశాం. మీరు కూడా ఎక్కడ బీపీ చూపించుకున్నా, ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, మాట్లాడకుండా కూర్చోండి. అంతకు ముందు అరగంటలో టీ గానీ బీడీ గానీ తాగకండి. పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ దాటిందని ఒక్కసారి చెబితే కంగారు పడకండి, ఇంకోరోజు మళ్ళీ చూపించుకోండి. అప్పుడూ అంతే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

సముద్రం వదిలి కొండెక్కుదాం. విశాఖలోనే కంచరపాలెం, మాధవధార, అరిలోవ వైపు కొండవాలు ఇళ్ళు మీకు తెలుసు. మెట్లు ఎక్కుతూ పోతే ప్రతి గుమ్మం ముందూ ఒక నీలం డ్రమ్ము. కుళాయి ఎప్పుడొస్తుందో, ఎంతసేపొస్తుందో నమ్మకం లేని చోట నీళ్ళు నిలవ పెట్టుకోక తప్పదు. అక్కడికి వెళ్ళి "నిలవ నీళ్ళు పారబోయండి, డెంగీ వస్తుంది" అంటే ఎవరు పారబోస్తారు? రెండు బిందెలు మెట్లెక్కించి చూడండి, మీరు పారబోయరు.

డెంగీ దోమ పగలు కుడుతుంది, మురికినీళ్ళ కంటే మంచినీళ్ళలోనే ఎక్కువ పెరుగుతుంది. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ దోమ గుడ్లు పెట్టేది నీళ్ళకు కాస్త పైన, డ్రమ్ము గోడ మీద. అవి నల్లటి నలుసుల్లా అతుక్కుని ఉంటాయి. డ్రమ్ము ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. వారం, పది రోజుల్లో దోమలై ఎగిరిపోతాయి. అందుకని నీళ్ళు ఒంపేసి ఊరుకుంటే లాభం లేదు. వారానికోసారి నీళ్ళు అడుగంటినప్పుడు, కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో లోపలి గోడ గట్టిగా రుద్ది కడగాలి. పైన మూత లేకపోతే పాత చీర ముక్క బిగించి కట్టాలి. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ళ పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు అని మన దగ్గర ప్రచారం ఉండనే ఉంది. శుక్రవారం ఎలాగూ ఇల్లు కడుక్కుంటారు, డ్రమ్ము కూడా అందులో చేరుతుంది. మేం ఒక ఇంట్లో డ్రమ్ములో నీళ్ళు గాజుగ్లాసులోకి తీసి, ఎండకు పట్టి పిల్లలకు చూపించాం. సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ, గ్లాసు కదిపితే మెలికలు తిరుగుతూ కిందికి దిగిపోయాయి. సాయంత్రానికి ఆ వరసలో డ్రమ్ములన్నీ తోముడుకు వచ్చాయి. కరపత్రాలు ఇంకా నా సంచిలోనే ఉన్నాయి.

చెప్పి వచ్చేయడం వేరు, కూర్చుని మాట్లాడుకోవడం వేరు. దీనికి మన పొరుగునే రుజువుంది. జార్ఖండ్, ఒడిశా గిరిజన గ్రామాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఆడవాళ్ళ బృందాలతో నెలనెలా సమావేశాలు నడిపింది. ఉపన్యాసాలు కాదు. ఊళ్ళోనే ఉండే ఒక మనిషి బొమ్మలు, కథలు, ఆటలతో మాట కలిపేది. బిడ్డలు ఎందుకు పోతున్నారో, మన చేతిలో ఏముందో ఆ తల్లులే తేల్చుకున్నారు. ఆ ఫలితాలు 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. బృందాలు లేని చోటుతో పోలిస్తే, మూడేళ్ళలో పురిటిబిడ్డల మరణాలు 32 శాతం తక్కువ. కొత్త మందు లేదు, కొత్త ఆసుపత్రి కట్టలేదు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

చెప్పే తీరు తప్పితే కీడు కూడా జరుగుతుంది. మన ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బుకు పరీక్షలు చేస్తున్నారు, చేయాలి. కానీ ఆ జబ్బు జన్యువును ఒంట్లో మోసేవాళ్ళు వేరు, జబ్బు ఉన్నవాళ్ళు వేరు. మోసేవాళ్ళు సాధారణంగా ఆరోగ్యంగానే బతుకుతారు. అలాంటి ఇద్దరికి పెళ్ళయితే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ఇంత వివరం వాళ్ళ భాషలో, గుట్టుగా, ఓపిగ్గా చెప్పకుండా కాగితం చేతిలో పెట్టి వస్తే, ఒక ఆడపిల్లకు ఊరంతా రోగిష్టిదని పేరు పడిపోతుంది.

ఇప్పుడు మామ్మ మాట దగ్గరికి వస్తాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినని తెలుగువాళ్ళు ఉండరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల మధ్య ఊళ్ళలో ఎన్నో ఏళ్ళుగా కిడ్నీలు పాడవుతున్నాయి. డయాలసిస్ కోసం ఎంతోమంది తెల్లారకముందే బయల్దేరి విశాఖ దాకా వచ్చేవారు. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి. పరిశోధకుల బృందాలు ఎన్నో వెళ్ళాయి. నీళ్ళు తీశారు, మట్టి తీశారు, రక్తం తీశారు. కారణం ఫలానా అని ఇప్పటికీ ఒక్క మాటలో తేలలేదు. తేలకపోవడం నేరం కాదు, సైన్సులో అలా జరుగుతుంది. కానీ ఆ "తేలలేదు" అన్న మాటైనా రక్తం ఇచ్చిన మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పాలి కదా. చేతి మీద సూది గుర్తు ఆయనది, జవాబు కోసం ఎదురుచూసేదీ ఆయనే.

పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు ఏం చెప్పాలో, వాళ్ళ హక్కులేమిటో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నియమావళిలో స్పష్టంగా ఉన్నాయి. మీ ఇంటికి పరిశోధన పేరుతో ఎవరైనా వస్తే ఏం అడగాలో చెబుతాను, గుర్తుపెట్టుకోండి. మీరు ఎక్కడి నుంచి వచ్చారు? ఇది ఎందుకు చేస్తున్నారు? నా రక్తంలో ఏదైనా తేడా ఉంటే నాకు చెబుతారా, ఎప్పుడు చెబుతారు? నాకు ఇష్టం లేకపోతే వద్దనవచ్చా? వద్దనవచ్చు. మధ్యలో మానుకోవచ్చు కూడా. వద్దన్నందుకు మీకు రావాల్సిన వైద్యం ఎవరూ ఆపకూడదు. అర్థమయ్యేలా చెప్పించుకున్న తర్వాతే సంతకం పెట్టండి, వేలిముద్ర అయినా అంతే. చదువుకున్నవాళ్ళను ఎలా అడుగుతాం అని మొహమాటపడకండి. మీరు అడిగితేనే మా పని బాగుపడుతుంది.

మేం జాలారిపేటలో తీసిన బీపీ లెక్కలన్నీ వచ్చే వేట నిషేధం కాలంలో అదే అరుగు మీద, పేట పెద్దల ఎదుట, ఆడవాళ్ళ ఎదుట చెబుతాం. పేర్లు ఉండవు, అంకెలు మాత్రమే. ఎవరి ఫలితం వాళ్ళ చేతికి ఇప్పటికే ఇచ్చాం. పరిశోధన పత్రికకు పంపేది ఆ తర్వాతే. మొన్న ఈ కబురు చెప్పడానికి వెళ్తే మామ్మ అక్కడే ఉంది. అంకెలు గోడ మీద పెద్దక్షరాలతో రాయమంది, మనవరాలు చదివి చెబుతుందట. పెద్ద పట్టీ మాత్రం ఈసారి ఒకటి చాలదు, రెండు తెమ్మంది.

నమస్కారం.