ఏడు ఆటలు, ఒక్క చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట బేస్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. అయ్యో, రేడియో కట్టేయకండి! క్రికెట్ తెలిసినవాళ్ళకి ఈ కథ అర్థం కావడానికి రెండు ముక్కలు చాలు. ఆ రెండు ముక్కలూ నేనే చెప్పేస్తాను.

అమెరికాలో నేషనల్ లీగ్ అని ఒకటి, అమెరికన్ లీగ్ అని ఒకటి ఉన్నాయి. ఒక్కో లీగులో విజేత ఎవరో తేలాక, ఆ ఇద్దరూ అక్టోబర్లో తలపడతారు. అదే వరల్డ్ సిరీస్. 1903లో మొదలైంది. 1904లో, 1994లో తప్ప ఏటా జరుగుతూనే ఉంది. ఏడు ఆటల లెక్క, ముందు నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. ఇన్నేళ్ళ వరల్డ్ సిరీస్‌లో మొదటి మూడు ఆటలూ ఓడిపోయి, తర్వాత నాలుగూ గెలిచిన జట్టు ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.

జపాన్‌లో మాత్రం ఉంది. ఒకటి కాదు, మూడుసార్లు జరిగింది. అక్కడా రెండు లీగులే, సెంట్రల్, పసిఫిక్. 1950 నుంచి ఆ రెండు లీగుల విజేతల మధ్య జపాన్ సిరీస్ జరుగుతోంది. 1958లో, 1986లో, 1989లో మూడు ఓడినవాళ్ళు లేచి కూర్చుని కప్పు ఎత్తుకుపోయారు. మిగతా రెండూ పక్కన పెడదాం. ఈ పూట 1958 ఒక్కటే చెబుతాను. ఓడిపోతున్నవాడి పక్షాన కూర్చుని ఆట చూసే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, దాన్ని దాచుకోను.

ఆ రెండు ముక్కలు ఇవీ. బేస్‌బాల్లో బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. ఓవర్లు లేవు. ఆరు బంతులు వేసి టోపీ పెట్టుకుని బౌండరీ దగ్గరికి వెళ్ళి నిలబడే సుఖం లేదు. ఒకడే వేస్తూ పోతాడు, తొమ్మిది ఇన్నింగ్స్ అయినా సరే. ఇక్కడ ఇన్నింగ్స్ అంటే మూడు అవుట్లు అయ్యేదాకా జట్టు బ్యాటింగ్ చేసే ఒక విడత, ఆటకి అలాంటివి తొమ్మిదేసి. మేనేజర్, అంటే మన కోచ్ లాంటివాడు, వచ్చి "చాల్లే" అనేదాకా వాడే. ఒకసారి దించేశాక ఆ రోజుకి మళ్ళీ రానివ్వరు. అది మొదటి ముక్క. రెండో ముక్క ఏమిటంటే, అలా వంద బంతుల దాకా ఉన్న సత్తువంతా పెట్టి విసిరినవాడికి భుజం తిరిగి దారిలో పడటానికి రోజులు పడుతుంది. ఇప్పుడైతే అమెరికాలో ఆట మొదలుపెట్టే పిచర్‌కి నాలుగైదు రోజుల విరామం ఇస్తారు. జపాన్‌లో వారానికి ఒక్కసారే వేయిస్తారు. ఈ వారం లెక్క కాస్త గుర్తుపెట్టుకోండి, కథలో పనికొస్తుంది.

1958లో ఒకవైపు యోమియురి జెయింట్స్. యోమియురి అంటే పెద్ద వార్తాపత్రిక, జట్టు దానిదే, ఊరు టోక్యో. రెండోవైపు నిషితెత్సు లయన్స్. నిషితెత్సు ఒక రైల్వే కంపెనీ. ఊరు ఫుకువోకా, దక్షిణాన క్యూషూ దీవిలో ఉంది. మన హైదరాబాద్ లీగుల్లో బ్యాంకుల జట్లూ రైల్వే జట్లూ ఆడినట్టే జపాన్‌లోనూ జట్టుకి కంపెనీ పేరే పెట్టుకుంటారు.

ఈ రెండు జట్ల మేనేజర్ల మధ్య పాత లెక్కలున్నాయి. లయన్స్ మేనేజర్ మిహారా ఒసాము. జెయింట్స్ మేనేజర్ మిజుహారా. ఇద్దరిదీ ఒకే జిల్లా, షికోకు దీవిలో కగావా. ఒకాయన వసేదా విశ్వవిద్యాలయానికి ఆడితే, ఇంకొకాయన దాని బద్ధశత్రువు కెయియోకి ఆడాడు. యుద్ధం తర్వాత జెయింట్స్‌ని నడిపింది మిహారానే. 1949లో వాళ్ళని విజేతల్నీ చేశాడు. సరిగ్గా అదే ఏడాది, సైబీరియాలో బందీగా ఉన్న మిజుహారా తిరిగొచ్చాడు. మరుసటి ఏడు జట్టు మిజుహారా చేతికి వెళ్ళింది. గెలిపించినవాడు పక్కకి జరగాల్సి వచ్చింది! మిహారా 1951లో దూరంగా ఫుకువోకా వెళ్ళి లయన్స్‌ని పెంచాడు. 1956లో ఫైనల్‌కి తెచ్చి జెయింట్స్‌ని ఓడించాడు. 1957లో మళ్ళీ ఓడించాడు. మూడోసారి మళ్ళీ వాళ్ళూ వీళ్ళే.

ఇక మన కథానాయకుడు, ఇనావో కజుహిసా. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళవాడు. బెప్పు అని, వేడినీటి బుగ్గలకి పేరుపడ్డ సముద్రతీర పట్నం, అక్కడ పుట్టాడు. తండ్రి చేపలు పట్టేవాడు. పిల్లాడు తండ్రితో పడవెక్కి తెడ్డు వేసేవాడు. నడుమూ కాళ్ళూ గట్టిపడింది అక్కడే అంటారు.

1956లో జట్టులో చేరినప్పుడు ఇతని మీద ఎవరికీ పెద్ద ఆశలు లేవు. పేరున్న బ్యాట్స్‌మెన్ సాధన చేసుకోవడానికి బంతులు వేసిపెట్టే పనిలో పెట్టారు. మన నెట్స్‌లో కుర్రాళ్ళ చేత వేయిస్తాం చూడండి, అదే పని. పొద్దుటి నుంచీ వందల బంతులు వెయ్యాలి. అన్నీ కొట్టడానికి వీలుగా పడితే కొట్టేవాడికి ఊపిరి సలపదు. కాబట్టి మూడు బంతులు తిన్నగా వేస్తే, నాలుగోది కావాలని పక్కకి పోనిచ్చేవాడు. ఆ నాలుగో బంతికి ఎవరూ బ్యాట్ ఎత్తరు, ఎవరూ చూడరు. ఇనావో ఏం చేశాడో తెలుసా? ఆ నాలుగో బంతిని తన సొంతం చేసుకున్నాడు. అది సరిగ్గా మూల అంచున పడాలని గురి పెట్టడం మొదలుపెట్టాడు. రోజూ, నాలుగింటికి ఒకటి చొప్పున. ఈ సంగతి తర్వాత రోజుల్లో ఆయనే చెప్పుకున్నాడు. నాకు మొత్తం కథలో ఈ నాలుగో బంతి మీదే మమకారం ఎక్కువ. ఆ ఏడాదే 21 విజయాలు సాధించాడు, జట్టు గెలిచిన ఆటని గెలిపించిన పిచర్ ఖాతాలో రాస్తారులెండి. మరుసటి ఏడు 35, అందులో ఇరవై వరుసగా వచ్చినవి. 1958లో 33.

ఇప్పుడు సిరీస్‌లోకి వద్దాం. అక్టోబర్ 11, టోక్యో కొరాకువెన్ స్టేడియం. మొదటి ఆట మొదలుపెట్టింది ఇనావో. నాలుగు ఇన్నింగ్స్ వేశాడు, బాగా కొట్టించుకున్నాడు. జెయింట్స్ 9, లయన్స్ 2. రెండో ఆటలో ఇనావో లేడు. 7-3, అదీ ఓటమే. జట్లు రైలెక్కి ఫుకువోకా వచ్చాయి. అక్కడ కోట ఆవరణలో అప్పట్లో హెయివాదాయి స్టేడియం ఉండేది. మూడో ఆటకి మళ్ళీ ఇనావో. ఈసారి తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తిగా వేసి ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు. ఏం లాభం? తన జట్టు ఒక్కటి కూడా చెయ్యలేదు. 1-0. మూడుకి మూడూ పోయాయి.

మర్నాడు వాన పడింది. ఆట వాయిదా వేశారు. ఆ ఒక్క రోజు వాన లేకపోతే ఈ కథ ఉండేది కాదేమో.

నాలుగో ఆటకి ఎవరు? మళ్ళీ ఇనావో. తొమ్మిది ఇన్నింగ్స్. 6-4, లయన్స్ ఒకటి గెలిచారు. పరువు దక్కింది అనుకున్నారు.

ఆ మర్నాడే ఐదో ఆట. దీన్ని కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. ముందురోజు తొమ్మిది ఇన్నింగ్స్ వేసినవాడు కాబట్టి మిహారా వేరేవాళ్ళతో మొదలుపెట్టాడు. మొదట్లోనే జెయింట్స్ మూడు పరుగులు లాగేసుకున్నారు. నాలుగో ఇన్నింగ్స్‌లో మిహారా లేచాడు. ఎవర్ని పిలిచాడు? మళ్ళీ ఇనావోనే. అతను వచ్చాక జెయింట్స్‌కి ఇంక పరుగు లేదు. ఏడో ఇన్నింగ్స్‌లో లయన్స్ తరఫున నకానిషి రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిది. 3-2. తొమ్మిదో ఇన్నింగ్స్, అంటే లయన్స్‌కి ఆఖరిది. ఒక్క పరుగు కావాలి, లేదంటే సిరీస్ అయిపోయినట్టే. బేస్‌లంటే పరుగు తీసేవాడు వరుసగా చుట్టిరావాల్సిన నాలుగు గుర్తులు, నాలుగోది ఇల్లు. లయన్స్ ఆటగాడు కొబుచి కొట్టిన బంతి మూడో బేస్ గీత వెంబడి దూసుకుపోయింది. అక్కడ కాపలా ఉన్నది నగాషిమా షిగెవో. ఆ ఏడాదే జెయింట్స్‌లో చేరాడు, తర్వాత జపాన్ బేస్‌బాల్లో అంత ముద్దుబిడ్డ ఇంకొకరు లేరు. బంతి గీత బయట పడింది, ఫౌల్ అని జెయింట్స్ గొడవ. లోపలే పడిందని అంపైర్. అప్పుడు మూడో అంపైరూ లేడు, రీప్లే లేదు. అంపైర్ మాటే శాసనం. తర్వాత బంట్ చేసి, అంటే బంతిని మెల్లగా తట్టి ఒకడు అవుటై, కొబుచిని మూడో బేస్‌కి పంపారు. నకానిషి అవుటయ్యాడు. రెండు అవుట్లు, మిగిలింది ఒక్కటే. సెకి అనే ఆటగాడు మధ్యలోకి కొట్టాడు. కొబుచి ఇంటికొచ్చాడు. 3-3!

పదో ఇన్నింగ్స్. లయన్స్ తరఫున బ్యాట్ పట్టుకుని వచ్చింది ఎవరనుకున్నారు? ఇనావో. మన పదకొండో నంబర్ బౌలర్ బ్యాటింగ్‌కి వస్తే మనం టీ తాగడానికి లేస్తామా లేదా? పిచర్ బ్యాటింగ్ కూడా మామూలుగా అలాంటిదే. ఆ పిచర్ హోమ్ రన్ కొట్టాడు. 4-3. ఆట అక్కడికక్కడే ముగిసింది. తన బంతితో నిలబెట్టిన ఆటని తన బ్యాట్‌తోనే ముగించాడు.

మళ్ళీ టోక్యో. ఆరో ఆట: ఇనావో, తొమ్మిది ఇన్నింగ్స్, 2-0. అక్టోబర్ 21న ఏడో ఆట: ఇనావో, తొమ్మిది ఇన్నింగ్స్, 6-1. చివర్లో నగాషిమా బంతి మైదానం దాటకుండానే బేస్‌లన్నీ చుట్టేసి ఒక పరుగు తెచ్చాడు, జెయింట్స్‌కి దక్కింది అదొక్కటే.

సిరీస్ మొత్తంలో లయన్స్ పిచర్లు వేసింది 62 ఇన్నింగ్స్. అందులో 47 ఒక్కడే వేశాడు. రెండు ఓటములూ నాలుగు విజయాలూ అతని ఖాతాలోనే. వారానికి ఒక్కసారి అన్నానే, గుర్తుందా? ఇతను పదకొండు రోజుల్లో ఆరు ఆటల్లో వేశాడు. జనం నోట, పత్రికల్లో ఒక జపం మొదలైంది. మన మాటల్లో చెప్పాలంటే, దేవుడికో దణ్ణం, బుద్ధుడికో దణ్ణం, ఇనావోకో దణ్ణం! ఇప్పటికీ జపాన్‌లో ఆయన పేరెత్తితే ముందు వినపడేది అదే.

ఇక్కడితో ఆపితే అందరం చప్పట్లు కొట్టి లేవచ్చు. కానీ 1961లో ఇనావో 404 ఇన్నింగ్స్ వేసి 42 విజయాలు తెచ్చాడు. 1964లో ఎన్ని తెచ్చాడు? సున్నా. భుజం పోయింది. ఇరవై ఏడేళ్ళ వయసు. తర్వాత కోలుకుని ఇంకొన్నేళ్ళు ఆడాడు, మొత్తం 276 విజయాలతో 1969లో ఆపేశాడు. 2007లో కన్నుమూశాడు. గట్టివాడే, పదిమందిలో ఒకడు కాదు. అయినా ఆ చెయ్యి కాసిన్ని రోజులు ఆగి ఆగి వేసుంటే ఇంకెంత దూరం వెళ్ళేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మిహారాని తప్పుపట్టడం తేలిక. మూడు ఓడి, ఎదురుగా పాత శత్రువుని పెట్టుకుని, పక్కన ఇనావో కూర్చుని ఉంటే "ఇవాళ నువ్వొద్దులే" అనగలిగే మేనేజర్ ఎందరున్నారు? కుర్రాడూ అడిగితే వద్దనడు కదా. చిక్కంతా అక్కడే ఉంది.

ఇది పాతకాలం ముచ్చట మాత్రమే అనుకోకండి. 2025 వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున యమమోతో యోషినొబు, ఆయనా జపాన్‌వాడే, ఆరో ఆటలో ఆరు ఇన్నింగ్స్ వేసి, మర్నాడే ఏడో ఆట చివర్లో మళ్ళీ వచ్చి టొరంటోని ఓడించాడు. సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు కూడా ఆయనే. లోకమంతా ముక్కున వేలేసుకుంది. వరుసగా రెండో రోజు వేస్తేనే అంత వింత ఇప్పుడు!

సరే, టైము దగ్గరపడుతోంది. వినేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవడు లిటిల్ లీగ్, అంటే పిల్లల బేస్‌బాల్, ఆడుతున్నాడని మురిసిపోయే తాతయ్యలూ అమ్మమ్మలూ మనలో చాలామందే ఉన్నారు. లిటిల్ లీగ్‌లో పిల్లలు వేసే బంతులకి లెక్క ఉంది. ఏడెనిమిదేళ్ళ పిల్లలు రోజుకి 50కి మించకూడదు. తొమ్మిది, పదేళ్ళవాళ్ళకి 75. పదకొండు, పన్నెండేళ్ళవాళ్ళకి 85. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఒకరోజు 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు పిచింగ్ చెయ్యకూడదు. ఈసారి ఫోన్లో మాట్లాడినప్పుడు "ఎన్ని పరుగులు చేశావురా" అని మాత్రమే కాదు, "ఎన్ని బంతులు వేశావు, మళ్ళీ ఎప్పుడు వేస్తావు" అని కూడా అడగండి.

ఇక్కడ మన ఊళ్ళో అకాడమీకి వెళ్ళే ఫాస్ట్ బౌలర్ పిల్లలకీ అంతే. ఒక పాత నోట్‌బుక్ తీసుకోండి. తారీఖు, వేసిన బంతులు, భుజం నొప్పి గానీ నడుం నొప్పి గానీ ఉందా, ఈ మూడే రాయాలి. నెట్స్‌లో వేసినవి వదిలెయ్యకండి, ఎక్కువ బంతులు పడేది అక్కడే. పిల్లాడు స్కూలుకీ క్లబ్బుకీ రెండిటికీ ఆడుతుంటే స్కూల్ కోచ్‌కి క్లబ్బు సంగతి తెలీదు, క్లబ్బు కోచ్‌కి స్కూలు సంగతి తెలీదు. ఆ పుస్తకం ఇద్దరికీ చూపించాల్సింది ఇంట్లోవాళ్ళే.

ఉంటాను మరి. నమస్కారం.