అంబులెన్స్‌లోకి ఎక్కించుకునే ముందు ఏం చూస్తారు?

యాంకర్: పామిడి నుంచి లైన్లో ఉన్నారు. అమ్మా, మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి. స్టూడియోలో అంబులెన్స్ ఈఎంటీ, అంటే అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్ ఉన్నారు.

పామిడి శ్రోత: నమస్కారం సార్. మొన్న మా మామ అరుగు మీదే కూలబడినాడు. చెమటలు, మాట ముద్దముద్దగా వస్తోంది. ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. ఆ అబ్బాయి ఎక్కించుకోకుండా పేరేంది అని అడిగేది, చేయి పట్టుకుని చూసేది, కళ్లలో టార్చి వేసేది. ఇక్కడ ప్రాణం పోతా ఉంటే ఈయప్ప ఇంటర్వ్యూ చేస్తాడేందని మాకు కడుపు మండింది.

ఈఎంటీ: ఈ తిట్లు మాకు అలవాటేనమ్మా. మామ ఇప్పుడెట్లున్నాడు?

పామిడి శ్రోత: బాగున్నాడు సార్. షుగర్ పడిపోయిందన్నారు.

ఈఎంటీ: వేలికి సూది గుచ్చి రక్తం చుక్క తీశాడా?

పామిడి శ్రోత: తీశాడు.

ఈఎంటీ: మరి, విషయం బయటపడింది అక్కడే. 70 కంటే తగ్గితే షుగర్ పడిపోయినట్టు లెక్క. చూడ్డానికి పక్షవాతంలాగే ఉంటుంది. అది తేల్చుకోకుండా ఎక్కించుకుని అనంతపురం బయల్దేరితే, దారి పొడుగునా మెదడుకు చక్కెర అందదు. ఇంక పేరు అడగడమంటారా, అది మాకు పెద్ద పరీక్ష. మనిషి సరిగ్గా జవాబిచ్చాడంటే గాలి పోయే దారి తెరిచే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడుకు రక్తం అందుతోంది. మాట్లాడకపోతే గట్టిగా పిలుస్తాం. దానికీ కళ్లు తెరవకపోతే భుజం దగ్గర కండ గట్టిగా నొక్కుతాం. అప్పుడూ కదలకపోతే పరిస్థితి చేయి దాటుతోందని అర్థం. చేయి పట్టుకున్నది నాడి కోసం. చర్మం చల్లగా, జిగటగా ఉందా అనేది కూడా ఆ పట్టులోనే తెలుస్తుంది. ఇదంతా నిమిషం పని. చూసేవాళ్లకు మాత్రం గంటలా ఉంటుంది.

పామిడి శ్రోత: మళ్లీ అట్లయితే మేమేం చేయాల సార్?

ఈఎంటీ: తెలివిగా ఉండి, మింగగలిగితేనే చక్కెర నీళ్లు. లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి కొట్టండి.

యాంకర్: గుత్తి నుంచి హైవే ధాబా నడిపే అన్న. చెప్పండి.

గుత్తి శ్రోత: సార్, మా ముందర 44వ నంబర్ హైవేలో బైకులు పడతానే ఉంటాయి. మేమే ముందు ఉరుకుతాం. ఎవరిని పట్టుకోవాల ముందు?

ఈఎంటీ: ముందు రోడ్డు చూడండన్నా. వెనకాల వచ్చే లారీ మిమ్మల్నీ కొడితే మేము మోయాల్సినవాళ్లు ఇద్దరవుతారు. పెట్రోలు కారుతోందా, ఎంతమంది పడ్డారు, పొదల్లో ఎవరైనా ఉన్నారా? మేం కూడా గ్లౌజులు వేసుకుంటూ ముందు చూసేది ఇదే. ఇంక కేకలు పెట్టేవాడి దగ్గరికి అందరూ పోతారు. వాడికి ఊపిరి ఉంది కాబట్టే అరుస్తున్నాడు. చప్పుడు లేకుండా పడున్నవాడి దగ్గరికి పోండి. రక్తం చిమ్ముతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. ఛాతీ లేస్తోందా లేదా అన్నది 10 సెకన్లకు మించి చూడొద్దు. ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగపీలిస్తే అది ఊపిరి కాదు. పలకడు, ఊపిరి లేదంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు.

గుత్తి శ్రోత: హెల్మెట్ తీయాలా?

ఈఎంటీ: ఊపిరి బాగా ఆడుతుంటే తీయొద్దు. మెడ దెబ్బతిని ఉండొచ్చు.

గుత్తి శ్రోత: పోలీసు కేసు టెన్షన్ సార్ మావోళ్లకు.

ఈఎంటీ: 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ తెచ్చారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు కూడా.

గుత్తి శ్రోత: సరే. ఇందాక ఆయమ్మకు చక్కెర నీళ్లన్నారు. మేమూ నీళ్లు తాపిస్తాం గదా?

ఈఎంటీ: మీరు తాపించొద్దు, అన్నా. తెలివి లేనోడికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తెలివున్నా ఆపరేషన్ అవసరం పడొచ్చు, కడుపు ఖాళీగా ఉండాలి.

గుత్తి శ్రోత: మా దగ్గర ఏం జరిగినా అందరూ నీళ్ల బాటిల్ పట్టుకునే ఉరుకుతారు సార్.

ఈఎంటీ: అట్లా ఉరికొచ్చినోళ్లను వెనకాల బండ్లు ఆపడానికి నిలబెట్టండి.