అత్త నూరిన గసగసాలు, అటక మీది సామాను

అందరికీ నమస్కారం.

మన చెన్నైలో సంగీతం నేర్చుకునే పిల్లలు ఈ హాల్లోనూ కొందరుంటారు. శంకరాభరణం రాగం పేరు ముందు 'ధీర' ఎందుకు చేరిందో వాళ్లనడగండి. అక్షరానికో అంకె ఇచ్చే కటపయాది లెక్కలో ధ అంటే 9, ర అంటే 2. వెనక నుంచి చదివితే 29. 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, శంకరాభరణం 29వది. అంకె మరిచిపోకుండా పేరుకే ముడివేశారు పెద్దలు. ఛందస్సులో 'యమాతారాజభానసలగం' కూడా అంతే, ఎనిమిది గణాలూ అందులోనే ఉన్నాయి. ఇంత చక్కటి పద్ధతులున్న మనం, బయాలజీ దగ్గరికొచ్చేసరికి పిల్లల చేత ఉత్త పేర్లు బట్టీ పట్టిస్తున్నాం. నాకది బాధగా ఉంటుంది.

నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే తెలుగు పిల్లలకి డీఎన్ఏలోని నాలుగు బేసులు ఎలా జతకడతాయో చెప్పేటప్పుడు "అత్త గసగసాలు నూరింది" అంటాను. అడినిన్‌కి జత థైమిన్, అది అత్త. గ్వానిన్‌కి జత సైటోసిన్, అది గస. అత్తలో అక్షరాలు రెండు, ఆ జత మధ్య హైడ్రోజన్ బంధాలూ రెండు. రెండో జతకి మూడు. ఇక కణ విభజనకైతే తెలుగు పేర్లే చాలు. మధ్యస్థ దశలో క్రోమోజోములు మధ్యకొచ్చి నిలబడతాయి, చలన దశలో అటూ ఇటూ కదిలిపోతాయి.

అయితే ఇవి పేర్లు తగిలించుకునే కొక్కేలు మాత్రమే. లోపల పని ఎలా జరుగుతుందో తెలియాలంటే పోలిక కావాలి.

కిడ్నీని జల్లెడ అంటుంటారు. నాకు ఆ పోలిక చాలదనిపిస్తుంది. భోగికి ముందు అమ్మ అటక ఎలా సర్దుతుందో గుర్తు తెచ్చుకోండి. పనికిరానివి ఏరడానికి పైకెక్కి వెతుకుతూ కూర్చోదు. మొత్తం సామాను కిందికి దించేస్తుంది. కావలసినవి మళ్లీ పైకెక్కిస్తుంది. మిగిలింది బయటికి. కిడ్నీ చేసేది ఇదే. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు తప్ప నీరు, ఉప్పు, గ్లూకోజు, యూరియా అన్నీ ముందు నెఫ్రాన్ అనే సన్నటి గొట్టంలోకి దిగిపోతాయి. రోజుకి సుమారు 180 లీటర్లు! మన ఇళ్లకొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు తొమ్మిది వరసగా పెట్టి చూడండి. అందులో చివరికి బయటికి పోయేది లీటరున్నర. తక్కినదంతా రక్తంలోకి తిరిగి వెళ్లిపోతుంది. ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా ఉన్న నెఫ్రాన్లు రాత్రీ పగలూ చేసే సర్దుడు ఇది.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చూడాలి. ఒంట్లో రసాయన చర్యల్ని వేగంగా జరిపించే ఎంజైమ్ తాళమని, అది పట్టుకుని పనిచేసే పదార్థం తాళంచెవి అని 1894లో శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ చెప్పాడు. పిల్లలకి ఇప్పటికీ అదే చెబుతాం. కానీ తాళం బిగుసుకుని ఉంటుంది, ఎంజైమ్ అలా ఉండదు. చెయ్యి దూరితే గ్లవ్ సర్దుకున్నట్టు అది ఆకారం మార్చుకుంటుందని 1958లో కోష్‌లాండ్ అనే మరో శాస్త్రవేత్త అన్నాడు. పాత పోలిక సరిపోనిచోట కొత్త సంగతి బయటపడింది.

మా పిల్లల్లో ఒకమ్మాయి అటక కథంతా విని, "టీచర్, సామాను పైకెక్కించేది అమ్మ. కిడ్నీలో ఎవరు ఎక్కిస్తారు?" అని అడిగింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వెంటనే బోర్డు మీద గొట్టం గోడ కణాన్ని పెద్దగా గీశాను. దాని నిండా కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా. గ్లూకోజుని వెనక్కి లాక్కునే ప్రొటీన్లు ఆ గోడలోనే ఉంటాయి, వాటి పని సాగడానికి బోలెడు శక్తి కావాలి. ఆ ప్రొటీన్లు లెక్కకి ఇన్నే ఉంటాయి కదా, గ్లూకోజు మరీ ఎక్కువైతే ఎత్తిపెట్టే చేతులు చాలవు.

ఆ అమ్మాయి కాసేపు బొమ్మకేసి చూసింది. "అయితే మా తాతయ్యకి షుగర్ బాగా పెరిగినప్పుడు యూరిన్ టెస్టులో కనిపించేది అదేనా?" అంది.

అదేనమ్మా, అన్నాను.