గ్రూపు నిలువుగా సాగిందా, అడ్డంగానా?

అందరికీ నమస్కారం.

లాంగ్ రేంజ్ షూటింగ్‌లో షాట్లు చెదిరితే చాలామంది చేయి ముందు స్కోప్ టర్రెట్ (గురిని సర్దే నాబ్) మీదికి పోతుంది. దయచేసి ఆగండి. గ్రూపు, అంటే టార్గెట్ మీద పడ్డ షాట్ల గుంపు, నిలువుగా సాగిందా, అడ్డంగానా అన్నది ముందు చూడండి. రెండింటి కారణాలూ వేరు.

నిలువు సంగతి చూద్దాం. 900 మీటర్లు చేరడానికి .308 (రైఫిల్ తూటాల్లో ఒక రకం) బుల్లెట్‌కు సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. రౌండుకూ రౌండుకూ (తూటాకూ తూటాకూ) వేగంలో సెకనుకు 3 మీటర్ల తేడా ఉంటే చాలు, అక్కడ ఎత్తులో 10 సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది. 100 మీటర్ల దగ్గర ఇది కంటికి ఆనదు. అందుకే దగ్గరి గ్రూపు ఎంత ముచ్చటగా ఉన్నా ఆ రౌండ్లను అప్పుడే నమ్మకండి. కనీసం 10 షాట్లు క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద కాల్చి చూడండి. మూడు షాట్ల గ్రూపు ఏమీ తేల్చదు.

రౌండ్లు బాగున్నా నిలువు చెదరడం తగ్గకపోతే? కాల్చి కాల్చి వేడెక్కిన ఛాంబర్‌లో (బారెల్‌లో రౌండు కూర్చునే గదిలో) రౌండు పెట్టి, గాలి తగ్గాలని నిమిషాల తరబడి కాచుకుంటున్నారేమో చూసుకోండి. లోపలి మందు వేడెక్కి వేగం పెరుగుతుంది, షాట్ పైకి పోతుంది. కాచుకునేటప్పుడు ఛాంబర్ ఖాళీగా ఉంచండి.

తర్వాత ఊపిరి. బోర్లా పడుకున్నప్పుడు శ్వాసతో గురి పైకీ కిందికీ కదులుతుంది. ఊపిరి వదిలాక వచ్చే సహజమైన విరామంలోనే కాల్చాలి. ఏడెనిమిది సెకన్లు దాటితే చూపు మసకబారుతుంది, వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. పొజిషన్ కుదిరిందో లేదో తెలియాలంటే గురి పెట్టి, కళ్లు మూసి, రెండుసార్లు ఊపిరి తీసి కళ్లు తెరవండి. గురి పక్కకు జరిగితే చేతులతో లాగకండి. ఆనించిన మోచేయి కదలకుండా, నడుము నుంచి ఒళ్లంతా జరపండి.

ఇక అడ్డం. దీనికి మొదటి కారణం గాలే. నేరుగా పక్కనుంచి వీచే గాలితో పోలిస్తే, కాల్చే దిశకు 30 డిగ్రీల ఏటవాలుగా వీచే గాలి సగమే నెడుతుంది. టార్గెట్ దగ్గరి జెండాలొక్కటే చూస్తే మోసపోతాం: మన దగ్గర కొంచెం పక్కకు మళ్లిన బుల్లెట్ మిగతా దూరమంతా ఆ తప్పును మోసుకుపోతుంది. స్పాటింగ్ స్కోప్ ఫోకస్‌ను టార్గెట్‌కు కాస్త ఇవతలికి తెచ్చి ఎండమావులు గమనించండి. అవి పక్కకు వాలి పారుతుంటే గాలి అటు వీస్తోందని లెక్క. నిట్టనిలువుగా ఉడుకుతున్నట్టుంటే గాలి ఆగి ఉండాలి, ఎదురుగానో వెనకగానో ఉండాలి, లేదా దిశ మారబోతూ ఉండాలి. అప్పుడు కాల్చకపోవడం మేలు. ఒక్క గాలి తీరును ఎంచుకుని, అది వచ్చినప్పుడే కాల్చేవారి గ్రూపే చిన్నగా వస్తుంది.

రైఫిల్ వాలడం రెండో కారణం. 900 మీటర్లకు బుల్లెట్ దాదాపు 9 మీటర్లు కిందికి దిగుతుంది. స్కోప్‌లో అంత ఎత్తు ఇచ్చాక రైఫిల్ ఒక్క డిగ్రీ వాలితే షాట్ 15 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. చిన్న బబుల్ లెవెల్ చాలు దీన్ని అరికట్టడానికి. ట్రిగ్గర్‌ను పక్కకు నెట్టడం మూడోది. ఖాళీ రైఫిల్‌తో డ్రై ఫైర్ చేస్తే (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే), ట్రిగ్గర్ విడిచే క్షణాన క్రాస్‌హెయిర్ ఎటు దూకిందో బయటపడుతుంది.

అన్ని వైపులా చెదిరితే ముందు స్కోప్ రింగులు, స్టాక్ బోల్టులు టార్క్ రెంచ్‌తో సరిచూడండి. ఆపైన పారలాక్స్, అంటే కన్ను కదిలితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఉంచి, తల కొద్దిగా అటూ ఇటూ ఆడించండి. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జారుతుంటే, ఆ జారుడు ఆగేదాకా స్కోప్ పారలాక్స్ నాబ్ తిప్పండి. నాబ్ మీద రాసిన దూరపు అంకెను లెక్కలోకి తీసుకోకండి.