అమ్మమ్మా, సమ్మక్క సారలమ్మ అను

శ్రోతలందరికీ నమస్కారం.

ఎంసెట్ ర్యాంకులు వచ్చిన రోజు మా బాపు ఊళ్లో ఎవరికీ మిఠాయి పంచలేదు. నా ర్యాంకుకు ఎంబీబీఎస్ రాదు, బీడీఎస్, అంటే దంతవైద్యం చదువు, వస్తుంది. పక్కింటి పెద్దమ్మ ఓదార్చడానికి వచ్చి, "పోనీ తియ్యి, పండ్ల డాక్టరు గూడ డాక్టరే గదా, సగమన్నా" అనేసి పోయింది. ఇప్పుడు హన్మకొండలో నా క్లినిక్‌కు ఆ పెద్దమ్మ కూడా వస్తుంది. సగం ఫీజే ఇస్తుంది.

మా కాలపు ఎంసెట్ పోయి ఇప్పుడు నీట్ వచ్చింది. ఇంటర్ బైపీసీ పిల్లలు ఏడాదికోసారి రాసే పరీక్ష అది. మన రాష్ట్రంలో సీట్ల కౌన్సెలింగ్ జరిపేది ఎక్కడో కాదు, వరంగల్‌లోనే ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. బీడీఎస్ చదువు 4 ఏళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అదయ్యాక రాష్ట్ర డెంటల్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుంటేనే ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. ఇంతవరకు ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ఐదేళ్లలో పిల్లలు అసలు ఏం చేస్తారన్నది మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా సరిగా తెలియదు. మా బాపుకైతే నేను ఫైనలియర్‌కు వచ్చేదాకా తెలియదు.

మొదటి ఏడాది పొద్దుటిపూట అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఎంబీబీఎస్ పిల్లల లాగే మేమూ శవం ముందు నిలబడి శరీర నిర్మాణం నేర్చుకుంటాం. తేడా ల్యాబులో కనిపిస్తుంది. ఒక మైనపు దిమ్మ, చిన్న చెక్కుడు కత్తి చేతికిచ్చి పన్ను చెక్కమంటారు. పై వరుసలో నట్టనడిమి పన్నునే తీసుకోండి. బయటికి కనిపించే భాగం పొడవు 10.5 మిల్లీమీటర్లు, లోపలి వేరు 13, వెడల్పు 8.5. కొలతలు సరిపోతే చాలదు. అది కుడివైపు పన్నో ఎడమవైపు పన్నో చూడగానే తెలియాలి. పన్నుకు కుడి, ఎడమ ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. రాత్రి రెండింటిదాకా కూర్చుని చెక్కిన నా మొదటి పన్నును మా సార్ వెలుతురుకు పెట్టి చూసి, "ఇది పన్నా, మక్క గింజా?" అన్నారు. వేరు పట్టుకుని ఇలా వంచారో లేదో, పుటుక్కున విరిగింది. హాస్టల్ గదిలో దుప్పటి మీద, పుస్తకాల మధ్య, ఆఖరికి టిఫిన్ డబ్బాలో కూడా మైనపు తురుమే.

రెండో ఏడాదిలో మైనం నుంచి లోహానికి వస్తాం. ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు చేసే డోక్రా బొమ్మలు మీరు చూసే ఉంటారు. మైనంతో రూపం తయారు చేసి, పైన మట్టి పూసి, కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. పన్నుకు లోహపు క్యాపు పోత పోసే పద్ధతి కూడా అదే. మట్టికి బదులు వేడికి తట్టుకునే ప్రత్యేకమైన పొడి కలిపి పోస్తాం, అంతే తేడా. ఈ సంగతి మా పుస్తకంలో లేదు. తర్వాతెప్పుడో మేళాలో ఒక డోక్రా కళాకారుడు పని చేస్తుంటే చూసి, అరే, ఇది మా సెకండియర్ ప్రాక్టికల్ కదా అనుకున్నాను.

ఆ తర్వాత బొమ్మ తలకాయ మీద డ్రిల్లింగ్. పై పళ్ల లోపలివైపు నేరుగా కనిపించదు. నోట్లో చిన్న అద్దం పెట్టి, అందులో చూస్తూ పని చేయాలి. అద్దంలో చూసుకుని వెనక జడలో పిన్ను పెట్టుకునే ఆడవాళ్లకు ఈ బాధ తెలుసు: చెయ్యి ఇటు పొమ్మంటే అటు పోతుంది. అందులో పట్టుకున్నది పిన్ను కాదాయె, నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరిగే బర్రు, అంటే డ్రిల్లు మొన. పంటి పైపొర ఎనామెల్ మందం ఎక్కువలో ఎక్కువ రెండున్నర మిల్లీమీటర్లు. నెలల తరబడి తప్పులు చేస్తే గానీ చేతికి ఆ బుద్ధి రాదు. మా బ్యాచ్‌లో మార్కుల్లో ముందున్న అమ్మాయి ఇక్కడ నెలలపాటు ఏడ్చింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కే అబ్బాయి ఒకడు మాత్రం తొలిరోజు నుంచే పూసలు గుచ్చినట్టు చేసేవాడు. వాళ్లది కుట్టు మిషన్ పెట్టుకున్న ఇల్లు.

మూడో ఏడాదిలో జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ కూడా చదవాలి. సగం డాక్టరన్న పెద్దమ్మకు ఇది చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ చెప్పలేదు.

అసలు టెన్షన్ కోటా. ఇన్ని పళ్లు తీయాలి, ఇన్ని ఫిల్లింగులు చేయాలి, ఇన్ని కట్టుడు పళ్ల సెట్లు చేయాలి అని ప్రతి విద్యార్థికీ లెక్క ఉంటుంది. లెక్క తీరాలంటే పేషెంటు కావాలి. పళ్లన్నీ ఊడిపోయి, అయిదారుసార్లు ఓపికగా వచ్చే పెద్దమనిషి దొరకడం మాటలా? మేం బస్టాండులో ముసలివాళ్ల నోళ్లకేసి చూస్తూ తిరిగిన రోజులున్నాయి. నాకెవరూ దొరకలేదు. చివరికి పరకాల దగ్గరి మా ఊరి నుంచి అమ్మమ్మను బస్సెక్కించుకొచ్చాను.

మొదటిరోజు వేడినీళ్లలో మెత్తబరిచిన ముద్దతో చిగుళ్ల అచ్చు తీశాను. రెండోసారి ఆ అచ్చు ఇంకా సన్నగా, చిగుళ్ల ముడతలు కూడా పడేలా తీయాలి. అందుకు వాడే పేస్టులో యూజినాల్ ఉంటుంది. అది లవంగ నూనెలో ఉండేదే. ట్రే నోటి దగ్గరికి తేగానే అమ్మమ్మ వాసన పట్టేసింది. "గీ లవంగం కోసం గంత దూరం పోయి సదువుకుంటున్నవా బిడ్డా?" అంది. పక్క కుర్చీల్లో పేషెంట్లతో సహా అందరూ నవ్వారు.

తర్వాత మైనం దిమ్మల మీద పళ్లు పేర్చి నోట్లో పెట్టి చూసే రోజు వచ్చింది. పళ్లు మరీ పొడుగైనా పొట్టయినా మాట మారిపోతుంది కాబట్టి, పేషెంటుతో మాట్లాడించి చూడాలి. పుస్తకంలో ఇంగ్లీషు అంకెలున్నాయి: ఫిఫ్టీ ఫైవ్ అనిపించండి, సిక్స్‌టీ సిక్స్ అనిపించండి అని. మా అమ్మమ్మకు ఆ అంకెలెక్కడివి? నేను అవే చెబుతున్నాను, ఆమె నా మొహం చూస్తోంది. మా మేడం వెనక నుంచి వచ్చి, "వరంగల్ అనమను" అన్నారు. 'వ' అన్నప్పుడు పై పళ్ల అంచు కింది పెదవిని మెల్లగా తాకాలి. తాకింది. "ఇప్పుడు 'స' కావాలి, ఏదో ఒకటి ఆలోచించు" అని మేడం పక్క కుర్చీకి వెళ్లిపోయారు. 'స' పలికేటప్పుడు పై పళ్లు, కింది పళ్లు చాలా దగ్గరికి రావాలి, కొట్టుకోకూడదు. "అమ్మమ్మా, సమ్మక్క సారలమ్మ అను" అన్నాను. మేడారం జాతర పేరు చెబితే ఆమె ఊరుకుంటుందా, రెండు చేతులూ జోడించి గట్టిగా అంది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. పళ్లు తీసి, ఎత్తు తగ్గించి మళ్లీ పేర్చాను. మూడోసారికి మాట శుభ్రంగా వచ్చింది.

ఆ సంక్రాంతికి అమ్మమ్మ సకినం కొరికింది. కొరకొద్దని వందసార్లు చెప్పాను, అది వేరే సంగతి.

కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. జనం మాట్లాడే మాట కోసం జీవితమంతా వాదించిన మనిషి పేరు డాక్టర్ల పట్టాల మీద ఉండటం నాకు బాగుంటుంది. ఎందుకంటే మా పనిలో సగం రోగం పేషెంటు మాటలోనే దొరుకుతుంది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది, వెంటనే తగ్గుతుంది అంటే లోపలి నరం ఇంకా బతికే ఉంది. రాత్రి పడుకుంటే సలుపుతుంది, నిద్ర లేదు అంటే ఆ నరం వాచింది, రూట్ కెనాల్ దాకా వెళ్లొచ్చు. నమిలితే కలుక్కుమంటుంది అంటే వేరు కొసన చీము పట్టిందేమోనని ఎక్స్‌రే తీస్తాం. ఈ మాటల తేడా పట్టుకోలేని విద్యార్థి ఎక్స్‌రే చూసి కూడా తికమక పడతాడు.

పై పన్ను తీస్తే కండ్లు పోతాయన్న భయం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. పంటి నొప్పి మోసే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీయించుకుంటే చూపు పోదు. క్లినిక్‌లో నేను రోజూ చెబుతున్నదే, రేడియోలో కూడా చెప్పేశాను.

డబ్బు సంగతి దాచను. పట్టా రాగానే ఆదాయం రాదు. ప్రభుత్వ కొలువులు కొద్ది. సొంత క్లినిక్ అంటే కుర్చీ, కంప్రెషర్, ఎక్స్‌రే మిషన్ కొనాలి. చాలామంది కొన్నేళ్లు ఇంకొకరి క్లినిక్‌లో పని చేస్తారు, కొందరు 3 ఏళ్ల పీజీ చదువు ఎండీఎస్‌కు పోతారు. అమెరికా వెళ్తే అక్కడ చాలా రాష్ట్రాల్లో మళ్లీ కాలేజీలో చేరాల్సిందే. ఈ వృత్తికి డబ్బు కష్టం కొత్త కాదు లెండి. దేశంలో తొలి డెంటల్ కాలేజీని 1920లో కలకత్తాలో పెట్టిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్, దానికి పెట్టుబడి కోసం సోడా ఫౌంటెన్ దుకాణం నడిపారు. జనానికి తీపి పానీయాలు పోసి పండ్ల డాక్టర్లను తయారు చేశారన్నమాట!

మొన్నొక తండ్రి బిడ్డను వెంటబెట్టుకుని నా క్లినిక్‌కు వచ్చాడు. ఎంబీబీఎస్ కోసం ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ పెట్టించాలా, బీడీఎస్‌లో చేర్చాలా అని అడిగాడు. ఆయన కాగితం తీసి ఫీజులు, హాస్టల్ ఖర్చులు కూడుతుంటే, ఆ అమ్మాయి నా టేబుల్ మీదున్న ప్లాస్టర్ దవడను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "మేడం, ఈయన ఒక్కదిక్కే నములుతడా? ఎడమవైపే అరిగినయి" అంది.

నేను తండ్రి చేతిలో కాగితం తీసుకుని, వెనకవైపు కౌన్సెలింగ్‌కు కావాల్సిన సర్టిఫికెట్ల పేర్లు రాసిచ్చాను.

సెలవు.