రెస్టారెంట్ ఫ్రాంచైజీ: ముందుగా కట్టే రుసుములు (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. రెస్టారెంట్ ఫ్రాంచైజీ తీసుకునేవారు ముందుగా చెల్లించే రుసుములపై మీ సందేహాలకు వ్యాపార ఒప్పందాల న్యాయవాది గారు సమాధానమిస్తారు. మొదటి శ్రోత, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నేను ఉద్యోగ విరమణ చేశాను. వచ్చిన సొమ్ములో కొంత పెద్దవాడి ఇంటికి ఇచ్చాను. చిన్నవాడు ఉద్యోగం మానేసి రెస్టారెంట్ పెడతానంటున్నాడు. వాడికి వంట రాదు, లెక్కలు మాత్రం బాగా వచ్చు, అందుకని పేరున్న సంస్థ ఫ్రాంచైజీ అయితే అన్నీ వాళ్లే నేర్పిస్తారనుకున్నాము. ఈ ప్రాంతం వేరొకరికి పోకముందే, ఈ వారంలోనే ఫీజు కట్టమని వారి ప్రతినిధి అడుగుతున్నారు. కట్టేస్తే ఇక మా పని అయిపోయినట్టేనా అండీ?

న్యాయవాది: కాదండీ, అక్కడికి మొదలైనట్టు. ఆ పేరును, పద్ధతులను ఒప్పంద కాలం మేరకు వాడుకునే అనుమతికీ, శిక్షణకూ, ప్రారంభంలో అందే సాయానికీ మాత్రమే మీరు ఆ ఫీజు కడుతున్నారు. అద్దె అడ్వాన్సు, లోపలి పనులు, వంటగది యంత్రాలు, మొదటి సరుకు, అనుమతి పత్రాలు, ప్రారంభ ప్రకటనలు, అమ్మకాలు నిలదొక్కుకునేదాకా జీతాలకు చేతిలో ఉండవలసిన డబ్బు, ఇవన్నీ దానికి అదనం. అసలు ఒప్పందం చదవకముందు డబ్బు ఇవ్వకండి.

శ్రోత: అది సరేనండీ, కానీ ఫీజు కట్టాక స్థలం దొరకకపోతే తిరిగి ఇస్తారు కదా? ప్రతినిధి నోటిమాటగా ఇస్తామన్నారు, మంచి మనిషిలాగే ఉన్నారు.

న్యాయవాది: ఆయన మంచివారే కావచ్చు, కానీ రేపు లెక్కకు వచ్చేది కాగితంలో ఉన్న మాట. చాలా ఒప్పందాలలో ఈ ఫీజు వాపసు లేదనే రాసి ఉంటుంది. మీరు చూపిన స్థలాన్ని సంస్థ ఆమోదించకపోతే ఏమవుతుందో, ఎంత గడువు ఉందో, శిక్షణలో మీ అబ్బాయి నెగ్గకపోతే ఫీజులో ఎంత కోస్తారో, ఆ మూడూ రాతలో చూపించమనండి. తొందరపెట్టడమే నాకు నచ్చలేదు. అమెరికాలో సంతకానికీ చెల్లింపుకూ కనీసం 14 రోజుల ముందే వెల్లడి పత్రం, అంటే సంస్థ తన వివరాలు తెలిపే పత్రం, ఇవ్వాలని నిబంధన ఉంది. అందులో 23 అంశాలుంటాయి, ఫ్రాంచైజీ మానేసి వెళ్లిపోయిన వారి వివరాలు కూడా ఉంటాయి. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా, ఆ వ్యవధి మీరే అడిగి తీసుకోండి.

శ్రోత: అంటే ఈ వారం కట్టవద్దంటారా?

న్యాయవాది: ఒప్పందం చదవకముందు వద్దు, వద్దు, వద్దు. విరమణ సొమ్ము మళ్లీ సంపాదించేది కాదండీ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ సంస్థ దుకాణాలు నడుపుతున్నవారితో, మూసేసినవారితో కూడా మీ అబ్బాయిని మాట్లాడమనండి. లెక్కలు వచ్చన్నారు కదా, ఫీజును ఒప్పంద సంవత్సరాలతో భాగించి, ఏటా వచ్చే లాభంలోంచి అంత మొత్తం తీసేస్తే ఏమి మిగులుతుందో చూడమనండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తరువాతి శ్రోత.

శ్రోత: మేడమ్, ఒక సంస్థ ప్రవేశ రుసుమే లేదంటోంది. అది మేలేనా?

న్యాయవాది: రాయల్టీ, అంటే ఆ పేరు వాడుకుంటున్నందుకు సంస్థకు కడుతూ ఉండే వాటా, ఎంతో చూడండి బాబూ. సాధారణంగా దానిని లాభం మీద కాకుండా అమ్మకాల మీద లెక్కగడతారు కనుక, నష్టం వచ్చిన నెలలోనూ కట్టాలి. ముడిసరుకు వారి దగ్గరే కొనాలన్న షరతు ఉంటే, ధరను బయటి ధరతో పోల్చండి. వదులుకున్న ఫీజును అక్కడ రాబట్టుకుంటూ ఉండవచ్చు.

వ్యాఖ్యాత: మరొకరు, క్లుప్తంగా అడగండి.

శ్రోత: నమస్తే. మూడు దుకాణాలకు కలిపి ఒకేసారి కడితే ఫీజు తగ్గిస్తామంటున్నారు.

న్యాయవాది: మొదటిది నిలబడకముందు మూడింటికి కట్టకండమ్మా. గడువులోగా మిగిలినవి తెరవలేకపోతే ఆ ఫీజు పోవచ్చు, ప్రాంతం మీద హక్కు కూడా పోవచ్చు. ఒకదానికే కట్టి, తరువాతి వాటికి ఇదే ధర వర్తిస్తుందని ఒప్పందంలో రాయించుకోండి. రాయకముందు...

వ్యాఖ్యాత: సమయం ముగిసింది. న్యాయవాది గారికీ, శ్రోతలకూ ధన్యవాదాలు.